మీరు ఏ స్కూల్లో చదివారు? ఐరిష్ రగ్బీ గురించి కొన్ని మాటలు

అందరికీ నమస్కారం. మన సభల ఆనవాయితీ ప్రకారం ముందు వరస వదిలేసి అందరూ వెనక సర్దుకున్నారు. పర్లేదు, మైకు బాగానే ఉంది.

"ఐర్లండ్ జీవితం గురించి ఏదైనా మాట్లాడండి" అని నిర్వాహకులు ఫోన్ చేశారు. వీసాలు, ఇంటి అద్దెలు మనం రోజూ చెప్పుకునేవే కదా అని, రగ్బీ గురించి మాట్లాడతానన్నాను. అవతల కాసేపు మాట లేదు. "మీరు ఆడతారా?" అన్నారు చివరికి. లేదండీ. ఆ ఆటలో నన్నొకసారి పడేస్తే లేపడానికి అంబులెన్సు రావాలి. నేను చూసేవాణ్ణి. అదీ ఆట కంటే ఆట చుట్టూ ఉండే మనుషుల్నే ఎక్కువ చూస్తాను.

డబ్లిన్ వచ్చిన కొత్తలో, ఫిబ్రవరిలో ఒక సోమవారం సంగతి. సిక్స్ నేషన్స్, అంటే ఏటా జరిగే ఆరు దేశాల రగ్బీ టోర్నీ, నడుస్తోంది. ఆఫీసులో కాఫీ మెషీన్ దగ్గర శనివారం మ్యాచే. లంచ్‌లో అదే. పేపర్ తెరిస్తే పేజీలకు పేజీలు, రేడియో పెడితే మాజీ ఆటగాళ్ల వాదనలు. ఓహో, మనకు క్రికెట్ ఎలాగో వీళ్లకు రగ్బీ అలాగన్నమాట అనుకున్నాను. ఆ సాయంత్రం టాక్సీ ఎక్కాను. డ్రైవరు ఉత్తర డబ్లిన్ వాడు, యాభై దాటినాయన. మాట కలుపుదామని "శనివారం మ్యాచ్ చూశారా?" అన్నాను. అద్దంలోంచి నన్నొకసారి చూసి, "నేనెందుకు చూస్తాను? మా పేటలో ఆ బంతి ఎవడి చేతిలోనూ చూడలేదు" అన్నాడు. ఇల్లు చేరేదాకా సాకర్ గురించి చెప్పాడు.

పొద్దున్నుంచి నేను విన్న దేశం ఒకటి, ఆయన దేశం ఇంకొకటి. రెండూ ఒకే ఊళ్లో, నది ఈ ఒడ్డున ఒకటి, ఆ ఒడ్డున ఒకటి.

లెక్క చూస్తే డ్రైవరు మాటే నిజమనిపిస్తుంది. ఐర్లండ్ సొంత ఆటలైన గేలిక్ ఫుట్‌బాల్, హర్లింగ్ నడిపే సంఘం జీఏఏకి ఈ ద్వీపంలో 2,200కు పైగా క్లబ్బులున్నాయి. మారుమూల పల్లెలో కూడా చర్చి పక్కన జీఏఏ మైదానం కనిపిస్తుంది. రగ్బీ క్లబ్బులు అందులో పదో వంతు. ఇక వీధిలో పిల్లలు తన్నేది సాకర్ బంతి. మరి పేపర్లో, టీవీలో రగ్బీకి అంత చోటు ఎలా దొరికింది?

దీనికి జవాబు మైదానంలో లేదు, స్కూల్లో ఉంది.

బ్లాక్‌రాక్, క్లోంగోస్ వుడ్, బెల్వెడేర్, సెయింట్ మైకేల్స్, టెరెన్యూర్. ఇక్కడ పిల్లల్ని చదివిస్తున్నవాళ్లు ఈ పేర్లు వినే ఉంటారు. దేశంలో 700 దాటి సెకండరీ స్కూళ్లుంటే, ఫీజు కట్టేవి యాభై దాకా. ఆ కొద్ది స్కూళ్లలోనే లెన్‌స్టర్, అంటే డబ్లిన్ ఉన్న తూర్పు ప్రాంతం, రగ్బీకి పునాది పడింది. లెన్‌స్టర్ స్కూల్స్ సీనియర్ కప్ 1887లో మొదలైంది. మొదటి ఏడు గెలిచింది బ్లాక్‌రాక్. అప్పటినుంచి ఆ ఒక్క స్కూలే సుమారు 70 సార్లు గెలిచింది.

ఆ కప్ మ్యాచ్ ఒకటి చూడ్డానికి వెళ్లాను. పని ఉన్న రోజు, మధ్యాహ్నం. గ్యాలరీలో స్కూలు రంగుల మఫ్లర్లు వేసుకున్న పిల్లలు, వాళ్ల ముందు నిలబడి నినాదాలు చెప్పించడానికి ప్రత్యేకంగా నలుగురు కుర్రాళ్లు. వాళ్ల వెనక తండ్రులు, తాతలు. ఆ తాతలు కూడా అదే మఫ్లర్ వేసుకున్నారు, రంగు కాస్త వెలిసింది, అంతే తేడా. ఒక పెద్దాయన పక్కాయనతో అంటున్నాడు: "వీడి నాన్న కూడా ఇదే చోట బంతి జారవిడిచాడు." మూడు తరాల జ్ఞాపకం! మర్నాడు పేపర్లో పదిహేడేళ్ల పిల్లల ఫోటో, పేర్లు, ఎవడు ఎలా ఆడాడో విశ్లేషణ. అదే వారం అదే వయసు సాకర్ పిల్లలు ఆడిన మ్యాచ్ ఎక్కడో మూల చిన్న స్కోరు.

డబ్లిన్‌లో కొన్ని చోట్ల కొత్తవాళ్లు పరిచయమైతే మూడో ప్రశ్న "మీరు ఏ స్కూల్లో చదివారు?" అని. నలభై అయిదేళ్ల మనిషిని, ఇద్దరు పిల్లల తండ్రిని, ఏ స్కూలని అడుగుతారు! మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత తట్టింది, ఇది మనకు కొత్త ప్రశ్నేం కాదని. "మీ ఇంటిపేరేంటండీ?", "ఊరు సరే, ఊళ్లో ఇల్లు ఎటువైపు?" అని మనవాళ్లు అడగరూ? అడిగేది ఇంటిపేరు, తెలుసుకోవాలనుకునేది ఇంకోటి. ఇక్కడ కులం లేదు కాబట్టి స్కూలు అడుగుతారు. స్కూలు చెబితే పేట తెలుస్తుంది, పేట తెలిస్తే నాన్న ఉద్యోగం తెలుస్తుంది.

ఈ కాథలిక్ స్కూళ్లు ఇంగ్లిష్‌వాళ్ల ఆటను ఎందుకు నెత్తినెత్తుకున్నాయన్నది చాలామందికి వచ్చే సందేహం. పంతొమ్మిదో శతాబ్దంలో బ్లాక్‌రాక్, క్లోంగోస్ లాంటివి డబ్బున్న కాథలిక్ కుటుంబాల పిల్లల్ని లాయర్లుగా, డాక్టర్లుగా, సామ్రాజ్యపు అధికారులుగా తయారుచేయాలనుకున్నాయి. ఇంగ్లండ్ పబ్లిక్ స్కూళ్ల (పేరుకే పబ్లిక్, నిజానికి డబ్బున్నవాళ్ల ప్రైవేటు స్కూళ్లు) పిల్లలకు ఏం నేర్పుతారో అదే నేర్పాలి. లాటిన్‌తో పాటు రగ్బీ కూడా వచ్చింది. మన జమీందార్ల పిల్లలు మద్రాసు వెళ్లి టెన్నిస్ నేర్చుకొచ్చినట్టే.

అందుకే జీఏఏవాళ్లకు కోపం. "విదేశీ ఆటలు" ఆడినా, చూసినా సభ్యత్వం పోయేలా వాళ్లకొక నియమం ఉండేది. 1938లో సాక్షాత్తూ దేశాధ్యక్షుడు డగ్లస్ హైడ్ ఒక సాకర్ మ్యాచ్‌కి హాజరైతే, ఆయన్ని జీఏఏ పోషకుల జాబితా నుంచి తీసేశారు. ఐరిష్ భాష కోసం జీవితం ధారపోసిన మనిషి ఆయన! ఆ నిషేధం 1971 దాకా బతికింది. కానీ ఈ కథలో అంతా నలుపూ తెలుపూ కాదు. 1920లో బ్రిటిష్‌వాళ్లు ఉరితీసిన పద్దెనిమిదేళ్ల వైద్య విద్యార్థి కెవిన్ బారీ బెల్వెడేర్‌లో రగ్బీ ఆడినవాడు. స్వతంత్ర ఐర్లండ్‌ను దశాబ్దాలు ఏలిన డి వలేరా కూడా కుర్రతనంలో రగ్బీ ఆటగాడే.

ఇక లిమరిక్, దక్షిణాన మన్‌స్టర్ ప్రాంతంలోని ఊరు. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే నేనింతసేపూ చెప్పినదాన్ని లిమరిక్ తలకిందులు చేస్తుంది.

లిమరిక్‌లో రగ్బీ కూలివాళ్ల ఆట. రేవులో బరువులు మోసినవాళ్లు, పందిమాంసం ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లు ఆడారు. గ్యారీఓవెన్, షానన్, యంగ్ మన్‌స్టర్, అన్నీ పేటల్లోంచి పుట్టిన క్లబ్బులు. బంతిని ఆకాశానికి లేపి, అది కిందికి దిగేలోపు పట్టుకునేవాడి మీదకు గుంపుగా ఉరికే ఎత్తుగడ ఒకటుంది. ప్రపంచమంతా దాన్ని "గ్యారీఓవెన్" అనే అంటుంది. అందమైన ఎత్తుగడేమీ కాదు గానీ, కింద నిలబడ్డవాడిని అడగాలి. ఉచిత సెకండరీ విద్య తెస్తున్నానని 1966లో ప్రకటించిన మంత్రి డొనో ఓమాలీ లిమరిక్ మనిషి, స్వయంగా రగ్బీ ఆడినవాడు.

1978 అక్టోబరు 31, మంగళవారం మధ్యాహ్నం. లిమరిక్‌లోని థోమండ్ పార్కులో మన్‌స్టర్ జట్టు న్యూజిలాండ్‌ను 12-0తో ఓడించింది. ఆటగాళ్లంతా ఉద్యోగాలు చేసుకునేవాళ్లే, అప్పటికి ఆటకు జీతాల్లేవు. న్యూజిలాండ్ ఆ పర్యటనలో ఓడిన మ్యాచ్ అదొక్కటే. మైదానంలో ఉన్నది 12,000 మంది. నేనూ ఉన్నానని చెప్పుకునేవాళ్లు కనీసం లక్షమంది! నాకే ముగ్గురు చెప్పారు, అందులో ఒకాయనకు అప్పటికి నాలుగేళ్లుండాలి. ఆ మ్యాచ్‌ను టీవీలో లైవ్ ఇవ్వలేదు. ఈరోజు మిగిలింది కొన్ని నిమిషాల ఫుటేజీ మాత్రమే. ఐరిష్ రగ్బీలో అతి పెద్ద గెలుపుల్లో ఒకటి, దానికి బొమ్మ లేదు. ఈ రోజుల్లో స్కూలు పిల్లల మ్యాచ్ కూడా ఫోన్లో లైవ్ చూడొచ్చు.

1995లో రగ్బీ ప్రొఫెషనల్ ఆట అయ్యింది. సరిగ్గా అప్పుడే ఐర్లండ్‌కి డబ్బొచ్చింది. సాఫ్ట్‌వేర్, మందుల కంపెనీలు, ఇళ్ల ధరలు పైపైకి. కొత్త డబ్బుకు కొత్త వినోదం కావాలి. శనివారం విమానమెక్కి ఫ్రాన్స్ వెళ్లి మ్యాచ్ చూసి, ఆదివారం తిరిగి రావడం ఆ డబ్బుకు సరిగ్గా సరిపోయింది. 2006 మే 20న కార్డిఫ్‌లో మన్‌స్టర్ ఆడిన హైనెకెన్ కప్ (యూరప్ క్లబ్బుల పోటీ) ఫైనల్. మ్యాచ్ మధ్యలో స్టేడియం పెద్ద తెర మీద లిమరిక్ ఓకానెల్ స్ట్రీట్ చూపించారు. వీధి నిండా ఎర్ర జెర్సీలు, వేలమంది. అది చూసి స్టేడియం హోరెత్తింది. మన్‌స్టర్ 23-19తో గెలిచింది. నా ఉద్దేశంలో ఐరిష్ రగ్బీకి మీడియాలో రాతలు మారింది అక్కడే. "ఇది డబ్బున్నవాళ్ల ఆట" అని ఎవరైనా అంటే, ఆ వీధిని చూపించి నోరు మూయించొచ్చు. లిమరిక్ కూలివాడు కష్టపడి సంపాదించిన పేరు బ్లాక్‌రాక్ లాయరుకూ పనికొచ్చింది.

మూడేళ్ల తర్వాత, 2009 మే 2న, క్రోక్ పార్కులో లెన్‌స్టర్ అదే మన్‌స్టర్‌ను 25-6తో ఓడించింది. చూసినవాళ్లు 82,208 మంది. అప్పటినుంచి పెత్తనం డబ్లిన్‌దే.

క్రోక్ పార్కు అన్నాను కదా. అది జీఏఏ గుండెకాయ. 1920 నవంబరు 21న బ్రిటిష్ బలగాలు అక్కడ గేలిక్ మ్యాచ్ మీద కాల్పులు జరిపి 14 మందిని చంపాయి. అందులో ఒకరు ఆటగాడు. మామూలుగా రగ్బీ ఆడే లాన్స్‌డౌన్ రోడ్డు స్టేడియాన్ని కూలగొట్టి కొత్తది కట్టాల్సి వచ్చినప్పుడు జీఏఏ తన నియమం సడలించి తలుపు తెరిచింది. 2007 ఫిబ్రవరి 24న ఇంగ్లండ్ వచ్చింది. ఆ మైదానంలో బ్రిటిష్ జాతీయగీతం! దేశమంతా టెన్షన్. ఒక్క ఈల కూడా వినపడలేదు. తర్వాత ఐరిష్ గీతం మొదలైతే, స్క్రమ్‌లో, అంటే రెండు జట్లు తలలు దూర్చి నెట్టుకునే చోట, కొండలా నిలబడే జాన్ హేస్ కళ్లనీళ్లు కార్చడం టీవీలో అందరూ చూశారు. లిమరిక్ జిల్లా రైతు ఆయన, పద్దెనిమిదేళ్లు దాటాక గానీ రగ్బీ బంతి పట్టలేదు. ఐర్లండ్ 43-13తో గెలిచింది.

హేస్‌తో ఇంకో విషయం గుర్తొస్తోంది. టల్లో నుంచి వచ్చిన షాన్ ఓబ్రయన్, వెక్స్‌ఫర్డ్ పల్లె నుంచి వచ్చిన టైగ్ ఫర్లాంగ్, ఇద్దరూ రైతుబిడ్డలే. వాళ్ల గురించి రాసిన ఏ వ్యాసంలోనైనా ట్రాక్టరో, ఆవులో రాకుండా ఉండవు. సరే, బాగుంది. కానీ మిగతా ఆటగాళ్ల గురించి రాసేటప్పుడు "ఈ డాక్టరుగారబ్బాయి" అని ఎవరూ రాయరేం? మామూలుగా ఉండేదాన్ని చెప్పక్కర్లేదు, అదీ సంగతి. ఏది మామూలో పేపర్లో ఉన్నదాని కంటే లేనిదాన్ని చూస్తే తెలుస్తుంది.

స్పాన్సర్లు కూడా ఈ లెక్క మీదే వస్తారు. లెన్‌స్టర్, మన్‌స్టర్ జెర్సీల మీద బ్యాంకు పేరు, జాతీయ జట్టు జెర్సీ మీద ఫోన్ కంపెనీ పేరు. ఇళ్ల లోన్లు, ఖరీదైన కార్లు కొనగలిగినవాళ్లు చూసే ఆటకు ప్రకటనలొస్తాయి. ప్రకటనలొచ్చే ఆటకు పేజీలొస్తాయి. 2010లో మంత్రి ఈమన్ రయన్ సిక్స్ నేషన్స్, హైనెకెన్ కప్ మ్యాచులు అందరికీ ఉచితంగా టీవీలో రావాలని ప్రతిపాదిస్తే, రగ్బీ యూనియన్ గట్టిగా అడ్డుపడింది. ప్రసార హక్కుల డబ్బు పోతే ఆటగాళ్లను నిలుపుకోలేమంది. వాళ్ల వాదనలో నిజం లేకపోలేదు. కానీ "ఇది జాతి మొత్తానిది" అన్న నోటితోనే ఆ మాట అనడం కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

జాతి మొత్తం అన్న మాటలో ఒక నిజం కూడా ఉంది, దాన్ని తీసిపారేయకూడదు. ఉత్తర ఐర్లండ్ బ్రిటన్ కింద ఉంది కాబట్టి సాకర్‌లో ఉత్తర, దక్షిణ ఐర్లండ్‌లకు రెండు జట్లు. రగ్బీలో ఒకటే. 1987లో ముగ్గురు ఉత్తరాది ఆటగాళ్లు కారులో డబ్లిన్ ప్రాక్టీసుకు వస్తుంటే సరిహద్దు దగ్గర, ఉత్తరాదిలో బ్రిటిష్ పాలనపై ఆయుధాలు పట్టిన ఐఆర్ఏ పెట్టిన బాంబు పేలింది. బాంబు గురి ఎదురుగా వస్తున్న జడ్జి మీద, ఆ జడ్జి, ఆయన భార్య చనిపోయారు. ఆటగాళ్లలో నైజెల్ కార్‌కు తగిలిన గాయాలతో అతని ఆట ముగిసిపోయింది. అయినా జట్టు విడిపోలేదు. అయితే ఉత్తరాదిలో కూడా ఈ ఆట ఎక్కువగా ప్రొటెస్టెంట్ గ్రామర్ స్కూళ్లదే. అక్కడా స్కూలే.

ఐర్లండ్ వాళ్లు రగ్బీలో ప్రపంచంలో నంబర్ వన్ అయ్యారు, 2016లో షికాగోలో 111 ఏళ్ల తర్వాత న్యూజిలాండ్‌ను మొదటిసారి ఓడించారు. ప్రపంచ కప్‌లో మాత్రం ఎనిమిదిసార్లు క్వార్టర్ ఫైనల్ ఆడి ఎనిమిదిసార్లూ ఓడారు. 2023లో 28-24తో ఓడిన రాత్రి మా ఆఫీసువాళ్ల వాట్సాప్ గ్రూపు చావింటిలా ఉంది. సాకర్ అభిమానులు నవ్వుతారు: "పది దేశాలు ఆడే ఆటలో ప్రపంచ ఛాంపియన్ ఏంటయ్యా?" అని. నేను మాత్రం నవ్వను. క్రికెట్ పెట్టుకుని మనం ఆ మాటకు నవ్వకూడదు.

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున్న, మా పక్క క్లబ్బులో చిన్నపిల్లల రగ్బీ. సన్నగా వాన. మా వాడికి ఎనిమిదేళ్లు. వాడు బంతి చంకలో పెట్టుకుని బురదలో జారుకుంటూ పోయి ట్రై కొట్టాడు, అంటే బంతిని గీత దాటించి నేలకు ఆనించాడు. పక్కన కాఫీ కప్పుతో నిలబడ్డాయన "మీవాడికి భయం లేదే!" అన్నాడు. నా సంబరం చెప్పక్కర్లేదు. మరు నిమిషంలో, "సెకండరీకి ఎక్కడికి పంపుతున్నారు?" అన్నాడు. మా పేట ప్రభుత్వ స్కూలు పేరు చెప్పాను. "ఓ, మంచి స్కూలే" అన్నాడు, కాఫీ ఒక గుక్క తాగి, "అక్కడ రగ్బీ ఉండదు కదా" అన్నాడు. నిజమే, అక్కడ హర్లింగ్ ఉంది.

ఇంటికొస్తూ కార్లో మా వాణ్ణి అడిగాను: "పెద్ద స్కూలుకెళ్లాక హర్లింగ్ ఆడతావా?"

"రెండూ ఆడకూడదా నాన్నా?"

"ఆడొచ్చురా. 1971 నుంచి ఆడొచ్చు" అన్నాను.

వాడికేం అర్థం కాలేదు. మీకు అర్థమైంది కాబట్టి నేనిక్కడ ఆపుతాను. టీ వచ్చినట్టుంది, ప్రశ్నలుంటే అక్కడ అడగండి. ఫీజులెంతో మాత్రం నన్నడక్కండి.