మోహిని వచ్చింది, భయం రాలేదు

శ్రోతలకు నమస్కారం.

అందగత్తెగా వచ్చి మగవాణ్ణి మాయచేసే దయ్యం మనకు పాతదే. మన దగ్గర మోహినీ పిశాచం, కేరళలో యక్షి, ఉత్తరాదిన చుడేల్. 1980లలో రామ్సే సోదరుల హిందీ చిత్రాలకు ఇదే ముడిసరుకు. వాటిలో 'వీరానా' 1988లో వచ్చింది. ఇప్పుడు వెబ్ సిరీస్‌లూ అదే దారి పట్టాయి. చాలావాటిలో శృంగారం ఉంది, దయ్యం ఉంది, భయమే లేదు.

యక్షి కథ చూడండి. దారిన పోయేవాణ్ణి తాంబూలంలోకి సున్నం అడుగుతుంది, అంతే. ఆగాలా, సాగిపోవాలా అన్నది వాడి చేతిలో ఉంది. ఆగుతాడు. వద్దని మనకు తెలుసు, వాడికి తెలియదు. గుండె దడ అక్కడే మొదలవుతుంది. సిరీస్‌లలో ఆ ఎంపికే ఉండదు. మంచం, మసక వెలుతురు, ఆపైన కోరలు!

రెండో లోపం ఫ్రేములో. కెమెరా ఒంటికి అంటుకుపోతే దయ్యానికి చోటేదీ? జంటను ఓ పక్కకు జరిపి, వెనక సగం తెరిచిన తలుపు కనిపించేలా పెట్టి, కట్ చేయకుండా షాట్ సాగనివ్వాలి. చూసేవాడి కన్ను దానంతటదే తలుపు మీదికి పోతుంది.

ఇక శబ్దం. రేడియో వినేవారికి దీని బలం వేరే చెప్పాలా! సంగీతం ఆపేసి ఇద్దరి ఊపిరి మాత్రమే వినిపించాలి. కాసేపటికి, బొమ్మలో ఏమీ మారకుండానే, సన్నగా మూడో ఊపిరి కలపాలి. దాన్ని పెద్దగా పెడితే పని చెడుతుంది. ఢామ్మని మోగిస్తే ఉలికిపాటు వస్తుంది, రెండోసారికి అదీ రాదు.

ఇలాంటి శృంగార సన్నివేశాలకు నటుల సమ్మతి ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. ప్రతి కదలికా రిహార్సల్‌లోనే ఖాయం చేసుకోవాలి. సెట్లో అవసరమైనవాళ్లే ఉండాలి. ఇది చూసుకోవడానికి ఇప్పుడు ఇంటిమసీ కోఆర్డినేటర్లు ఉన్నారు. నటి బిగుసుకుపోతే ఏ లైటింగూ దాచలేదు.

వెబ్ సిరీస్‌లకు సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ అక్కర్లేదు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం వయసు వర్గీకరణ ఓటీటీ సంస్థలే చేసుకోవాలి. యూ/ఏ 13 ప్లస్ నుంచి పేరెంటల్ లాక్ సదుపాయం ఉండాలి, 'ఏ' వర్గానికి వయసు నిర్ధారణ కూడా. ఇంట్లో పిల్లలుంటే ఆ లాక్ మీరే పెట్టుకోవాలి. అభ్యంతరం ఉంటే సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయండి. 15 రోజుల్లో నిర్ణయం చెప్పాలి.