బీఎల్‌డీసీ ఫ్యాన్: ఐదు నెలలు వాడాక చెబుతున్నాను

నమస్తే అండి. ముందుగా ఒక విషయం. మా ఇంట్లో ఫిబ్రవరిలో మూడు బీఎల్‌డీసీ ఫ్యాన్లు, అంటే తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న ఫ్యాన్లు, పెట్టించాను. మూడూ ఒకే కంపెనీవి, ఒకే మోడల్. ఒకటి కంపెనీ వాళ్లు రివ్యూ కోసం ఉచితంగా పంపారు, మిగతా రెండూ నా డబ్బుతో కొన్నాను. వీడియో చేసినందుకు నాకు డబ్బులేమీ ఇవ్వలేదు, ఏం చెప్పాలో కూడా ఎవరూ చెప్పలేదు. స్వీప్ (రెక్కలు తిరిగే వెడల్పు) ఎంత, ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) ఎంత, ఏయే రంగుల్లో వస్తుంది అనేవి మీరు ఈపాటికి చూసే ఉంటారు. అందుకే నేరుగా వాడకంలోకి వెళ్దాం.

ఫిబ్రవరిలో బిగించేటప్పుడు ఎలక్ట్రీషియన్‌తో ఒక పని చేయించాను. హాల్లో ఉన్న మా పాత ఫ్యాన్ వైరుకు ప్లగ్ తగిలించి, మధ్యలో వాట్ మీటర్ పెట్టాం. ఫుల్ స్పీడులో 76 వాట్లు చూపించింది. అదే కొక్కేనికి కొత్తది వేలాడదీసి చూస్తే 31. గాలిలో నాకైతే తేడా తెలియలేదు. అసలు ఆశ్చర్యం తర్వాత వచ్చింది. కొత్త ఫ్యాన్‌ను మూడో నంబరుకు తగ్గిస్తే 13 వాట్లు, ఒకటో నంబరులో 5 వాట్లు. మా పాత ఫ్యాన్‌కు గోడ మీద పెద్ద డబ్బా రెగ్యులేటర్ ఉండేది. దాంతో మూడో నంబరులో పెట్టినా 50 కిందికి దిగలేదు. ఆ డబ్బా మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది. తగ్గించిన స్పీడు తాలూకు కరెంటులో కొంత ఆ వేడిగానే పోయేదన్న మాట.

మోటారు సంగతీ అంతే. పాత ఫ్యాన్ నాలుగు గంటలు తిరిగాక ఆపి మధ్య గిన్నెను ముట్టుకుంటే చెయ్యి ఎక్కువసేపు ఉంచలేం. కొత్తది గోరువెచ్చగా ఉంటుంది. మామూలు ఫ్యాన్‌లో రోటర్‌కు, అంటే మోటారులో తిరిగే భాగానికి, అయస్కాంత శక్తి రావాలంటే దానిలోనూ కరెంటు పారాలి, అందులో కొంత వేడైపోతుంది. బీఎల్‌డీసీలో రోటర్ మీద శాశ్వత అయస్కాంతాలే ఉంటాయి. లోపలున్న చిన్న బోర్డు ఇంటి కరెంటును డీసీగా మార్చి, ఏ కాయిల్‌కు ఎప్పుడు ఇవ్వాలో చూసుకుంటుంది. మిగులు అక్కడే వస్తుంది.

ఇక బిల్లు. మాది ఖమ్మం. తెలంగాణ ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి ఉన్నవాళ్లకు 200 యూనిట్ల గీత ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. 200 లోపు ఉంటే సున్నా బిల్లు, దాటితే ఆ నెల మొత్తం కట్టుకోవాల్సిందే. నిరుడు ఏప్రిల్‌లో మాకు 231 యూనిట్లు వచ్చింది. ఈ ఏప్రిల్‌లో 178. ఇంట్లో ఏసీ లేదు, ఫ్రిజ్ అదే, మనుషులం అంతే మందిమి. మార్చింది ఫ్యాన్లొక్కటే. లెక్క వేసుకున్నా సరిపోతుంది. ఒక్కో ఫ్యాన్‌కు 45 వాట్ల తేడా, రోజుకు 16 గంటలు తిరిగితే నెలకు 21 యూనిట్ల పైనే. వేసవిలో ఖమ్మంలో ఫ్యాన్ 16 గంటలు తిరగడం పెద్ద విషయం కాదు.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలనిపిస్తోంది. మనం ఫ్యాన్ ఎక్కువగా వాడేది రాత్రి. సోలార్ కరెంటు వచ్చేది పగలు. పగటి కరెంటుతో నీళ్లు పైకి తోడి, రాత్రికి కిందికి వదిలి కరెంటు తీసే ప్రాజెక్టు కర్నూలు వైపు పిన్నాపురంలో కట్టారు, 1,680 మెగావాట్లది. అలాంటివి ఇంకా చాలా రావాలి. అప్పటిదాకా రాత్రి మన ఇంటికొచ్చే కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే. కొత్తగూడెం మాకు పక్కనే, బొగ్గు అంటే ఏమిటో చూస్తూ పెరిగాం. దేశం మొత్తం మీద చూస్తే ఒక యూనిట్ కరెంటుకు సగటున 700 గ్రాముల దాకా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తోంది. కాబట్టి పైకప్పు మీద సోలార్ పెట్టించుకోలేని అద్దె ఇంటివాళ్లకు కూడా దాన్ని తగ్గించడానికి ఈ ఫ్యాన్ ఒక దారి. ఇల్లు మారితే విప్పుకుని వెంట తీసుకెళ్లొచ్చు.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద దీని విలువ బాగా తెలిసింది. మే నెలలో గాలివాన వచ్చి రాత్రంతా కరెంటు లేదు. మునుపు మూడు ఫ్యాన్లు వేస్తే 220 వాట్ల పైనే లాగేవి, పైగా ఇన్వర్టర్ మీద గుయ్యిమని మోత. ఇప్పుడు మూడూ కలిపి 90 చిల్లర. తెల్లవారి ఆరింటికి కూడా బ్యాటరీ మిగిలే ఉంది. మోత అస్సలు లేదు.

ఇంతవరకూ విని వెంటనే కొనేయకండి. నాకు కోపం తెప్పించిన విషయం ఇంకా చెప్పలేదు. అది రిమోట్.

ఈ ఫ్యాన్‌కు గోడ మీద రెగ్యులేటర్ పనిచేయదు. స్విచ్‌తో వేయడం, ఆపడం తప్ప మిగతాదంతా రిమోటే. మా అమ్మకు 68 ఏళ్లు. తెల్లవారుజామున నాలుగింటికి కాస్త చలేస్తే, ఇదివరకు లైటు వేయకుండానే లేచి, గోడ తడుముకుని, రెగ్యులేటర్‌ను టిక్కు టిక్కుమని రెండు నంబర్లు తగ్గించి పడుకునేది. ఇప్పుడు దిండు కింద రిమోట్ వెతుక్కోవాలి. దొరికినా అన్ని బటన్లూ ఒకే సైజు. తెల్ల ప్లాస్టిక్ మీద లేత బూడిదరంగు అక్షరాలు. పవర్ బటన్ పక్కనే బూస్ట్ బటన్. తగ్గిద్దామని నొక్కితే ఫ్యాన్ హోరున తిరుగుతుంది. ఒక రాత్రి రిమోట్ కిందపడి సెల్ ఎక్కడికో దొర్లిపోయింది. అమ్మ స్విచ్ ఆపేసి, చెమటకు మెలకువ వచ్చి మళ్లీ వేసి, మళ్లీ ఆపి, అలాగే తెల్లవార్లూ గడిపింది. నన్ను లేపలేదు. పొద్దున చెప్పింది, "నాయనా, నా గదిలో పాతదే పెట్టు" అని. ఆ మాట నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఇది చేతకాని పని కాదండి. స్విచ్ ఆపి వెంటనే వేస్తే ఒక్కో నంబరు మారే మోడళ్లు ఉన్నాయి. మామూలు రెగ్యులేటర్‌తోనే నడిచే బీఎల్‌డీసీలు కూడా మార్కెట్లోకి వచ్చాయి. మరి ఇంత ఖర్చుపెట్టి మోటారు మీద ఇంత మంచి పని చేసినవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లు ఉంటారని ఎందుకు ఆలోచించలేదు?

రెండోది రిపేరు. నాలుగేళ్ల కిందట వేరే కంపెనీ బీఎల్‌డీసీ ఒకటి కొన్నాను. 14 నెలలకు ఉరుముల వానలో వోల్టేజీ ఎగిరి బోర్డు పోయింది. అదే పాత ఫ్యాన్ అయితే వీధి చివర మెకానిక్ పది నిమిషాల్లో కండెన్సర్ మార్చి పంపేవాడు. ఆ బోర్డు కోసం 23 రోజులు ఎదురుచూశాను, అదీ నడి వేసవిలో. ఇప్పుడు కొన్నవాటికి ఐదేళ్ల వారంటీ ఉందంటున్నారు. బోర్డుకు కూడా అంతే ఉందా అని కార్డు చదివి చూసుకున్నాను, ఉంది. మీరూ ఆ ఒక్క వాక్యం చూసుకోకుండా కొనకండి.

2023 జనవరి నుంచి ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు. అందులో సర్వీస్ వాల్యూ అని ఉంటుంది. ఒక వాట్‌కు ఎంత గాలి ఇస్తుందో చెప్పే అంకె అది. దుకాణంలో రంగులు, లైట్ల కన్నా ముందు అది చూడండి.

నా మాట ఇదీ. హాల్లోకి, మీ గదిలోకి, పిల్లల గదిలోకి ఈ ఫ్యాన్ కళ్లు మూసుకుని తీసుకోండి. అమ్మానాన్నల గదిలోకి, తాతయ్య, నాయనమ్మల గదిలోకి మాత్రం ఈ మోడల్ వద్దు. కంపెనీ నుంచి ఫోన్ వస్తే వాళ్లకూ ఇదే చెప్పాను.

అమ్మ గదిలో ఫ్యాన్ మొన్ననే విప్పేశాను. రెగ్యులేటర్‌తో నడిచే మోడల్ ఒకటి ఆర్డర్ పెట్టాను, గురువారం వస్తుందట. బిగించాక ముందు మీటర్ రీడింగ్ చూపిస్తాను, ఆ తర్వాత అమ్మనే అడుగుదాం.