డబ్బా మీద 56కే, లైన్లో ఎంత?

నమస్తే అండీ. ఇదిగో, విండోస్ 98 కంప్యూటరు, పక్కన ఎక్స్‌టర్నల్ మోడెమ్. కంప్యూటర్ని ఫోన్ లైన్ మీద నెట్‌కి కలిపే పెట్టె ఇది. డబ్బా మీద చూడండి, 56కే, అంటే సెకనుకి 56,000 బిట్లు అని ఎంత పెద్దగా వేశాడో. ఇది నమ్మే కదా మనం నెట్ సెంటర్లో గంటకింతని కట్టి, ఒక్క ఫొటో గీతలు గీతలుగా దిగుతుంటే చూస్తూ కూర్చున్నాం. ఆ 56 ఎక్కడికి పోయేదో ఇవాళ కొలిచి చూద్దాం.

సెటప్ గబగబా చెప్పేస్తా. ఇలా ఫోన్ చేసి నెట్‌కి కలిసే డయల్-అప్ ఇచ్చేవాళ్ళు ఇప్పుడెక్కడున్నారు? అమెరికాలో ఏఓఎల్ అనే నెట్ కంపెనీ కూడా 2025 సెప్టెంబరు 30న ఆపేసింది. అందుకని నేనే ఇంట్లో పెట్టుకున్నా. అటు చివర ఇంకో 56కే మోడెమ్, లైనక్స్ వేసిన పాత ల్యాప్‌టాప్. మధ్యలో ఫోన్ ఎక్స్ఛేంజీలా రెంటినీ కలిపే చిన్న ఇంటర్‌కమ్ బాక్సు. ఇక్కడ కొత్త కనెక్షన్, నంబరు, ఓకే, ఓకే, అయిపోయింది. "నో డయల్ టోన్" అని మొండికేస్తే మోడెమ్‌కి ఎక్స్3 అనే కమాండ్ కొట్టండి, ఎక్కడో కాసేపట్లో చూపిస్తా, టోన్ కోసం ఆగదు.

కనెక్ట్ కొడుతున్నా. వినండి... ఆహా. ఎం0 కమాండ్ కొడితే ఈ గోల ఆగిపోతుంది కానీ నేనైతే ఆపను. లైన్ ఎలా ఉందో రెండు మోడెములూ పరీక్షించుకునే చప్పుడిది. మధ్యలో మళ్ళీ మొదటికొచ్చిందంటే లైను బాగోలేదని చెవికే తెలిసిపోతుంది.

వచ్చింది. కింద మూల రెండు బుల్లి కంప్యూటర్ల బొమ్మ ఉందే, దాని మీద డబుల్ క్లిక్. ఎంతంటోంది? 115,200. ఇదిగో, సరిగ్గా ఇక్కడే నేను బోల్తా పడ్డా. అప్పట్లో "మా ఇంట్లో 115 వస్తుంది" అని ఫ్రెండ్స్ దగ్గర తెగ కోసేవాణ్ణి. పాటేమో అరగంటైనా దిగేది కాదు.

ఈ కేబుల్ చూడండి. కంప్యూటర్ నుంచి మోడెమ్ దాకా, మూరెడు. ఆ 115,200 ఈ మూరెడు కేబుల్ వేగం అండీ! మోడెమ్ దాటాక ఫోన్ లైన్లో ఎంత పోతోందో విండోస్ చెప్పట్లేదు. చెప్పించాలి. కంట్రోల్ ప్యానెల్, మోడెమ్స్, ప్రాపర్టీస్, కనెక్షన్, అడ్వాన్స్‌డ్. ఎక్స్‌ట్రా సెట్టింగ్స్ డబ్బాలో డబ్ల్యూ2. అంతే, డబ్ల్యూ, 2. నా మోడెమ్‌కి ఇది పనిచేస్తుంది, కొన్నిటికి వేరే కమాండ్ ఉంటుంది, మాన్యువల్ చూసుకోండి. ఇప్పుడు మళ్ళీ డయల్... ఆ, చూడండి. 31,200.

56 కాదు, 31. మోడెమ్ పాడైందా? కాలేదు. ఫోన్ నెట్‌వర్క్ మన గొంతుని సెకనుకి 8,000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. కొలిచిన ప్రతిసారీ 7 బిట్లు వాడుకుంటే 8,000 ఇంటూ 7, 56,000. ఆ 56 వచ్చింది అక్కణ్ణుంచే. కానీ షరతేంటంటే, నెట్ ఇచ్చే కంపెనీ వైపు మోడెమ్ డిజిటల్ లైన్ మీదే ఉండాలి. 1998లో వచ్చిన వీ.90 అనే 56కే పద్ధతి అంతా దీని మీదే నిలబడింది. నా ఇంట్లో రెండు చివర్లా మామూలు ఫోన్ తీగలే, కాబట్టి ఎంత మంచి మోడెమ్ పెట్టినా 33,600 దాటదు. వీ.90లో కూడా అంతే, దిగడం 56 దాకా, మనం పంపేది మాత్రం 33.6. అమెరికాలోనైతే సిగ్నల్ పవర్ మీద పరిమితి ఉండేది, అక్కడ దిగేది కూడా 53.3 దగ్గర ఆగిపోయేది.

ఒక చిట్కా. 28,800, 31,200, ఇలా 2,400 చొప్పున మారే అంకె కనిపిస్తే వీ.34, అంటే 33,600 దాకానే పోయే పాత పద్ధతి. 49,333 లాంటి వంకర అంకె కనిపిస్తే వీ.90 తగిలిందన్నమాట.

ఇక లెక్క. ఇవి బిట్లు, బైట్లు కాదు. 31,200ని 8తో భాగించండి, 3,900. ప్రతి డేటా ముక్కకీ తగిలించే చిరునామా లాంటి హెడర్లు పోను సెకనుకి మూడున్నర కిలోబైట్లు చేతికొస్తాయి. అంటే ఒక ఎంబీకి అయిదు నిమిషాలు. మోడెమ్ కంప్రెషన్ ఉందిగా అంటారు. ఉంది, ఉత్త టెక్స్ట్ అయితే బాగా నొక్కుతుంది. జిప్, ఎంపీ3 ముందే నొక్కేసినవి, వాటిలో ఇంకేం నొక్కుతుంది?

మరి 33 కూడా రాకుండా 31 ఎందుకు? అదిగో, హాల్లో పారలల్ ఫోన్. అదీ దాని పాత వైరూ ఇదే లైనుకి వేలాడుతున్నాయి. పీకేస్తున్నా. అప్పట్లో అమ్మ ఆ రిసీవర్ ఎత్తిందంటే నా డౌన్‌లోడ్ గోవిందా. బయటి లైనుకైతే దూరం, అతుకులు, వాన పడితే అతుకుల్లో నీళ్ళు, ఆ గరగర వేరే.

మళ్ళీ డయల్... 33,600! రెండు ఎంబీ ఫైలు పెట్టేశా, ఎనిమిది తొమ్మిది నిమిషాలు పడుతుంది. కెమెరా ఆపేస్తున్నా, టీ తాగొస్తా. ఈలోగా హాల్లో ఆ ఫోన్ ఎవరూ తగిలించొద్దు!