పెళ్లి వీడియోలో ఆ దువ్వెన పళ్లను తీసేయకండి

[తెర మీద: తలంబ్రాల దృశ్యం, ఆపిన ఫ్రేము. పెళ్లికూతురి చేతి అంచున దువ్వెన పళ్లలాంటి సన్నని అడ్డగీతలు.]

నమస్కారం. ఈ గీతలు చూశారు కదా. పాత వీడియో కెమెరాల మినీ డీవీ టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించిన ప్రతి ఒక్కరినీ ముందుగా కంగారు పెట్టేవి ఇవే. వెంటనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 'డీఇంటర్లేస్' పక్కన టిక్కు పెడతారు. గీతలు పోతాయి, డీవీడీ తయారవుతుంది. టీవీలో పెట్టి చూస్తే బొమ్మ మసక, నడక కుదుపు. "పాత టేపు కదా, ఇంతకన్నా ఏం వస్తుంది" అని కెమెరాను నిందిస్తారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఎందుకంటే టేపులో బొమ్మ చక్కగా ఉంది. దాన్ని మనమే సగానికి తగ్గించాం.

కోలాటం ఊహించుకోండి. 576 మంది ఒకే వరుసలో నిలబడ్డారు. మొదటి దరువుకు సరి సంఖ్య వాళ్లు అడుగు వేస్తారు, రెండో దరువుకు బేసి సంఖ్య వాళ్లు. మన దేశంలో వాడిన పాల్ అనే టీవీ పద్ధతి కెమెరా చేసేది అచ్చంగా ఇదే. బొమ్మలో 576 గీతలు. సెకనులో యాభయ్యో వంతు కాలంలో 288 గీతలు తీస్తుంది, తర్వాతి యాభయ్యో వంతులో మిగతా 288. ఈ సగం బొమ్మలనే ఫీల్డులు అంటారు. రెండు ఫీల్డులు కలిస్తే ఒక ఫ్రేము, సెకనుకు 25 ఫ్రేములు.

ఇప్పుడు కోలాటం మధ్యలో ఎవరో "ఆగండి" అన్నారనుకోండి. సగం మంది ఒక అడుగు ముందున్నారు, సగం మంది వెనకున్నారు. ఆ దువ్వెన పళ్లు అవే! ఆట ఆగినప్పుడు కనిపించే తేడాను ఆటలోని తప్పు అనుకుంటున్నాం. డీవీడీ ప్లేయరుకు, టీవీకి ఈ దరువు తెలుసు. ఇప్పటి పలచని టీవీలు కూడా ఫీల్డులను అందుకుని, తమకు కావలసినట్టు తామే కలుపుకుంటాయి. డీఇంటర్లేస్ నొక్కడమంటే చాలా సాఫ్ట్‌వేర్లలో ఒక సగం మందిని ఇంటికి పంపేసి, మిగిలినవాళ్లతోనే వరుస నింపడం. కంప్యూటర్‌లో చూసేటప్పుడు గీతలు ఇబ్బంది పెడితే వీఎల్‌సీ ప్లేయరులో ఆ సదుపాయం ఉంది, చూడటానికి వాడుకోండి. ఫైలును మాత్రం ముట్టుకోకండి.

[తెర మీద: రెండు టీవీలు పక్కపక్కన. రెండో దానిలో నడుస్తున్న మనిషి వణుకుతున్నాడు, వెనక గోడ నిశ్చలంగా ఉంది.]

రెండో జబ్బు ఇది. నిలకడగా ఉన్నవి శుభ్రంగా ఉంటాయి, కదిలేవి మాత్రం వణుకుతాయి. ఇక్కడ దరువు తారుమారైంది. డీవీ టేపులో సరి గీతలు ముందు వస్తాయి, సాఫ్ట్‌వేర్‌లో దాని పేరు 'లోయర్ ఫీల్డ్ ఫస్ట్'. డీవీడీ తయారుచేసే చోట 'అప్పర్' అని ఉండి, మీరు గమనించకపోతే, రెండో దరువు వాళ్లు ముందు అడుగు వేస్తారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని సాగాల్సిన ఆట రెండు, ఒకటి, నాలుగు, మూడు అని సాగుతుంది. చూసేవాళ్ల కళ్లు తిరగవా? డీవీడీ రెండు క్రమాలనూ ఒప్పుకుంటుంది. కాబట్టి ప్రాజెక్టులోనూ, డీవీడీ కోసం కుదించే చివరి ఎంపెగ్-2 ఫైలులోనూ 'లోయర్' అనే ఉంచండి.

బొమ్మను నిలువుగా సాగదీసినా ఇదే గోల. ఒక దరువు వాళ్లను తెచ్చి ఇంకో దరువు వాళ్ల మధ్య నిలబెట్టినట్టు అవుతుంది. 720 అడ్డం, 576 నిలువు, దాన్ని అలాగే వదిలేయండి. కంప్యూటర్‌లో ముఖాలు కాస్త సన్నగా కనిపిస్తే దిద్దబోకండి, వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 4:3 అని గుర్తు పెడితే టీవీ సరిచేసుకుంటుంది.

ఇక తలంబ్రాలు. నాకు ఇంతకన్నా మంచి పరీక్ష దొరకలేదు. ఎంపెగ్-2 పొదుపులో చాలా భాగం కదలని వాటి మీద చేస్తుంది. వెనక ఉన్న పందిరిని మళ్లీ మళ్లీ రాయదు. తలంబ్రాలు పోసేటప్పుడు ప్రతి గింజా తన దారిన తాను పడుతుంది, పొదుపుకు చోటు చాలా తక్కువ. బిట్‌రేటు, అంటే సెకను వీడియోకు ఇచ్చే సమాచారం, చాలకపోతే సరిగ్గా అక్కడే బొమ్మ గళ్లు గళ్లుగా పగిలిపోతుంది. ఒక పొర డీవీడీలో పట్టేది 4.7 జీబీ. గంట వీడియో అయితే సెకనుకు 8 మెగాబిట్లు హాయిగా ఇవ్వవచ్చు. రెండు గంటలైతే ధ్వనితో కలిపి 5 దగ్గర ఆగాలి. మూడు గంటల పెళ్లిని ఒకే డిస్కులో కుక్కితే 3.5 కూడా దక్కదు. రెండు డిస్కులు చేయండి, దయచేసి. ధ్వనిని కుదించకుండా పీసీఎంలో ఉంచితే అదొక్కటే 1.5 మెగాబిట్లు తినేస్తుంది. కుదించిన డాల్బీ డిజిటల్‌లో 256 కిలోబిట్లు చాలు.

సమయం దగ్గర పడింది, మిగిలినవి త్వరగా చెబుతాను. టేపును ఫైర్‌వైర్ తీగతోనే ఎక్కించండి. చాలా కెమెరాల్లో యూఎస్‌బీ దారిన వచ్చేది చిన్న బొమ్మ. ఒక గంట టేపుకు దాదాపు 13 జీబీ ఫైలు రావాలి. ఒకటో రెండో జీబీలే వచ్చాయంటే మొదటి మెట్టులోనే బొమ్మ పోయింది, మళ్లీ ఎక్కించండి. మధ్యలో వేరే ఫార్మాట్లలోకి మార్చకండి, కుదింపు చివర ఒక్కసారే జరగాలి. టూ పాస్, అంటే వీడియోను రెండుసార్లు చదివి కుదించే పద్ధతి, ఉంటే ఎంచుకోండి. ఖరీదైన ఖాళీ డిస్కు కొంటే బొమ్మ మెరుగుపడదు, డిస్కు చెడితే బొమ్మ ఆగుతుంది, అంతే. యూట్యూబు కోసమైతే డీఇంటర్లేస్ చేయాల్సిందే, సెకనుకు 50 ఫ్రేములు వచ్చేలా చేయండి.

మొత్తం పెళ్లి ముద్రించే ముందు తలంబ్రాల దగ్గర రెండు నిమిషాలు కత్తిరించి, తిరగరాయగల డిస్కు మీద వేసి, ఇంట్లో టీవీలో చూడండి. బాగుందంటే మిగతాది వేయండి. పని అయ్యాక ఆ 13 జీబీల ఫైలును చెరిపేయకుండా హార్డ్‌డిస్కులో దాచుకోండి.