కెనాన్ 1500డి, నికాన్ డి3500లో ఏది? ముందు రెండో లెన్సు సంగతి తేల్చుకోండి

నమస్కారమండీ. టేబుల్ మీద రెండు కెమెరాలున్నాయి. ఇటు కెనాన్ 1500డి, అటు నికాన్ డి3500. రెండూ 2018లో వచ్చినవే. రెండింట్లోనూ 24 మెగాపిక్సెళ్లు, ఏపీఎస్-సీ అనే సైజు సెన్సరు (వెలుతురుని ఫొటోగా మార్చే పలక), కెమెరాతో పాటే వచ్చే 18-55 ఎంఎం కిట్ లెన్సు. "ఏది కొనమంటారు?" అని చాలామంది అడుగుతున్నారు.

ఫొటో ఫోన్లో చూసుకోవడానికే అయితే తేడా కనిపించదు. కానీ విశాఖ ఆర్కే బీచ్‌లో పొద్దుపొడుపు తీశారనుకోండి. సూర్యుడు సముద్రం మీంచే లేస్తాడు. ఆకాశం మరీ తెల్లగా అయిపోకుండా ఎక్స్‌పోజరు, అంటే సెన్సరు మీద పడే వెలుతురు, తగ్గిస్తే పడవలు నల్లగా పడతాయి. రా ఫైల్లో, అంటే కెమెరా కుదించకుండా దాచే అసలు ఫైల్లో, కంప్యూటర్ మీద ఆ నలుపుని వెలుతురులోకి లేపండి. నికాన్‌లో తాళ్లూ వలలూ శుభ్రంగా బయటికొస్తాయి, కెనాన్‌లో రంగురంగుల గింజలు ముందొస్తాయి. జేపెగ్, అంటే కెమెరాయే తయారు చేసిచ్చే మామూలు ఫొటో, మాత్రమే తీసేవాళ్లకి ఈ గొడవే లేదు.

ఇక అసలు చిక్కు తర్వాత కొనే రెండో లెన్సులో ఉంది. డి3500 బాడీలో ఫోకస్ మోటారు లేదు. ఖరీదైన నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్ బాడీల్లో లెన్సు బిగించే మౌంటు రింగు అంచున స్క్రూడ్రైవర్ మొన లాంటి చిన్న పుల్ల ఉంటుంది, లెన్సు వెనకున్న గాడిలో దూరి అదే ఫోకస్‌ని తిప్పుతుంది. డి3500లో ఆ పుల్ల లేదు చూడండి. చవగ్గా దొరుకుతోందని 50 ఎంఎం 1.8డి అనే పాత రకం లెన్సు కొంటే ఫొటో పడుతుంది గానీ ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. పేరులో ఏఎఫ్-ఎస్ గానీ ఏఎఫ్-పి గానీ ఉన్నదే తీసుకోండి, వాటిలో మోటారు లెన్సులోనే ఉంటుంది. దూరంవి దగ్గరగా తీసే ఏఎఫ్-పి 70-300 లెన్సులో వీఆర్ ఉన్నదీ ఉంది, లేనిదీ ఉంది. వీఆర్ అని లేనిదాంట్లో చెయ్యి వణుకుని ఆపే ఏర్పాటు ఉండదు, ధర తక్కువ అందుకే. కెనాన్‌లో ఈ మోటారు తంటా లేదు. ఆటోఫోకస్ ఉన్న కెనాన్ ఈఎఫ్ రకం లెన్సులన్నిటికీ 1987 నుంచీ మోటారు లెన్సులోనే ఉంది. 50 ఎంఎం 1.8 ఎస్‌టీఎం లెన్సు తగిలిస్తే చాలు.

బ్యాటరీలో పోలికే లేదు. కంపెనీ లెక్కలో ఒక్క ఛార్జింగ్‌కి కెనాన్‌కి 500 ఫొటోలు, నికాన్‌కి 1550. అరకు వెళ్లొచ్చేదాకా నికాన్‌కి ఒక్క ఛార్జింగ్ సరిపోతుంది, కెనాన్‌కి రెండో బ్యాటరీ కొనాల్సిందే. నేవీ డే విన్యాసాల్లాంటి చోట నికాన్ సెకనుకి 5 ఫొటోలు లాగుతుంది, కెనాన్ 3. ఫొటో వెంటనే ఫోన్లోకి రావాలంటే మాత్రం కెనాన్ మేలు, వైఫై ఉంది. నికాన్‌లో బ్లూటూత్ ఒక్కటే, అందులో తనంతట తను పంపేది 2 మెగాపిక్సెళ్ల చిన్న ఫొటో. యూట్యూబ్ కోసమైతే రెండూ వద్దండీ. బయటి మైకు పెట్టుకోడానికి రెండింటికీ జాక్ లేదు.

నా ఓటు నికాన్‌కే. కాకపోతే దాని తయారీ ఆగిపోయింది, కాబట్టి ఎక్కువగా దొరికేది సెకండ్‌హ్యాండే. మన విశాఖ ఉప్పుగాలికీ తేమకీ లెన్సులో బూజు తొందరగా పడుతుంది. లెన్సు విప్పి, ఒక వైపు నుంచి ఫోన్ టార్చి వేసి, ఇంకో వైపు నుంచి ఏటవాలుగా చూడండి. నాలుగైదు దుమ్ము చుక్కలుంటే ఫరవాలేదు. సాలెపురుగు దారంలా పాయలు పాయలుగా కనిపిస్తే అది బూజు, ఎంత తగ్గించినా తీసుకోవద్దు.

తర్వాత లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చేసే ఎఫ్/22 పెట్టి, ఫోకస్ మాన్యువల్‌లో ఉంచి, తెల్లగోడని ఫోకస్ తప్పించి తీసి జూమ్ చేయండి. నల్లచుక్కలుంటే సెన్సరు మీద దుమ్మని అర్థం. రెండింటికీ తమంతట తాము దులుపుకునే ఏర్పాటు లేదు, శుభ్రం చేయించే ఖర్చు ధరలో తగ్గించమనండి. షట్టరు ఎన్నిసార్లు కొట్టిందో, అంటే కెమెరాని ఎంత వాడారో, నికాన్ ఫొటో ఫైల్లోనే ఉంటుంది. అక్కడే ఒకటి తీసి, కార్డులోంచి అసలు ఫైలే తీసుకుని చూడండి, వాట్సాప్‌లో పంపితే ఆ వివరాలు చెరిగిపోతాయి. 1500డి ఫైల్లో ఆ లెక్క ఉండదు, వేరే సాఫ్ట్‌వేర్ కావాలి.