ముందు సైట్ దగ్గర మనసు

సభకు నమస్కారం. పిస్టల్ పట్టుకుని వచ్చిన పిల్లలకు, వాళ్లను బస్సుల్లో, స్కూటర్ల మీద షూటింగ్ రేంజికి తీసుకొచ్చి గంటల తరబడి బయట కూర్చునే తల్లిదండ్రులకు ప్రత్యేకంగా నమస్కారం.

తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా నేను ఎక్కువగా వినే మాట ఒకటుంది. "సార్, రేంజిలో 600కి 565 వస్తా ఉంది, మ్యాచికి పోతే 550 దాటడం లేదు. చెయ్యి అదే, పిస్టలు అదే. ఏమవతా ఉందో తెలీడం లేదు" అంటారు. ఈ మాట అడిగేవాళ్లు నా నుంచి ధైర్యం గురించో ధ్యానం గురించో ఒక జవాబు ఆశిస్తారు. ఆ రెండింటి మీదా నాకు గౌరవమే. అయితే నా జవాబు అంతకంటే ఇరుకైనది. పిస్టల్ పట్టినవాడి మనసులోని తప్పు లోపల దాగి ఉండదు. అది రెండు తలుపుల గుండా బయటికి వస్తుంది. ఒకటి కన్ను, రెండోది చూపుడు వేలు. ఈ రెండింటికీ కాపలా కాయడం నేర్చుకున్నవాడికి మనసుతో కుస్తీ పట్టే అవసరం చాలావరకు తగ్గిపోతుంది.

ముందు కొలతలు చూద్దాం. పది మీటర్ల ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో నడిమధ్యనున్న పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, అంటే దాదాపు చిటికెన వేలి గోరంత. దాని చుట్టూ ఉన్న నల్లని గుండ్రం వ్యాసం 59.5 మిల్లీమీటర్లు. నిలబడి, ఒంటి చేత్తో, 75 నిమిషాల్లో 60 షాట్లు కొట్టాలి. గుండె కొట్టుకుంటున్నంత కాలం, ఊపిరి ఆడుతున్నంత కాలం చాచిన చెయ్యి కదలకుండా ఉండదు. ఒలింపిక్ విజేత చెయ్యి కూడా ఊగుతుంది, మనకంటే తక్కువ ఊగుతుంది, అంతే.

ఈ ఊగడంలో రెండు రకాలున్నాయి. మొదటి రకంలో, గురి చూడడానికి గొట్టం కొసన ఉండే ముందు సైట్, మన కంటి వైపు గాడితో ఉండే వెనక సైట్ ఒకదానితో ఒకటి సరిగ్గా కుదిరి ఉండగానే చెయ్యి మొత్తంగా ఇటూ అటూ జరుగుతుంది. అలా చెయ్యి 5 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే పెల్లెట్ అనే చిన్న గుండు కూడా 5 మిల్లీమీటర్లే పక్కకు పోతుంది, అది పదే. రెండో రకంలో చెయ్యి నిలిచినట్టే కనిపిస్తుంది కానీ మణికట్టు దగ్గర ఏదో సడలి, వెనక సైట్ గాడిలో ముందు సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకు ఒరుగుతుంది. రెండు సైట్ల మధ్య దూరం సుమారు 33 సెంటీమీటర్లు అనుకుంటే, పది మీటర్ల దూరానికి ఆ ఒక్క మిల్లీమీటరు ముప్పై రెట్లు పెరిగి 30 మిల్లీమీటర్లవుతుంది. దానికి వచ్చేది ఏడు పాయింట్లు. కంటికి పెద్దగా కనిపించి భయపెట్టే ఊగు మనకు దాదాపు ఏ నష్టమూ చేయదు. కంటికి ఆనీ ఆనని ఒరుగు మ్యాచిని తీసుకుపోతుంది. ఈ లెక్కను మీరు ఇంటికి వెళ్లి కాగితం మీద మీ చేత్తోనే ఒకసారి వేసుకోవాలని నా కోరిక, ఎందుకంటే నేను ఇక ముందు చెప్పేదంతా దీని మీదే నిలబడి ఉంది.

కన్ను ఒకేసారి రెండు దూరాలను స్పష్టంగా చూడలేదు. కాబట్టి ముందు సైట్ అంచులు కత్తిరించినట్టు స్పష్టంగా కనిపించాలి, వెనకాల టార్గెట్ మసకగా ఉండాలి. ఇది మొదటి నెలలోనే అందరూ నేర్చుకునే పాఠం. మరి ఏళ్ల తరబడి కొట్టినవాళ్లు కూడా మ్యాచిలో దీన్ని ఎందుకు పోగొట్టుకుంటారు? మనసు కోరేది పదిని. ఆ పది ఉండేది టార్గెట్ మీద, సైట్ మీద కాదు. మనసు దేన్ని కోరితే కన్ను దాని వెంట పోతుంది. ఈ పోవడం షూటర్‌కు తెలియదు కూడా. నల్లని గుండ్రం హఠాత్తుగా స్పష్టమవుతుంది, "ఇప్పుడు బాగా కనిపిస్తోంది" అని ప్రాణం కుదుటపడినట్టు అనిపిస్తుంది, సరిగ్గా ఆ క్షణంలో ముందు సైట్ ఆ ఒక్క మిల్లీమీటరు ఒరుగుతుంది.

ఇక్కడ అర్జునుడి ప్రస్తావన చేయక తప్పదు. బహుమతి ప్రదానానికి వచ్చిన పెద్దలు చాలామంది పక్షి కన్ను తప్ప మరేమీ చూడని అర్జునుడి కథ చెప్పి పిల్లలను దీవిస్తారు. ఆ కథ అంటే నాకు భక్తి ఉంది. కానీ పిస్టల్ పట్టిన బిడ్డకు దాన్ని రోజూ చెబితే ఆ బిడ్డ నిజంగానే పక్షి కన్నును చూడడం మొదలుపెడుతుంది. మన విద్యలో ద్రోణుడి ప్రశ్నకు జవాబు వేరు. నేను పిల్లల వెనక నిలబడి "ఏం కనిపిస్తోందమ్మా?" అని అడిగితే, "ముందు సైట్ సార్, దాని వెనకాల నల్లగా మబ్బు మాదిరి ఏదో ఉంది" అనే జవాబు నాకు కావాలి.

రెండో తలుపు వేలు. ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ బరువు 500 గ్రాములకు తగ్గకూడదన్నది నిబంధన. ఆ బరువును వేలు మెల్లగా, ఆగకుండా, నేరుగా వెనక్కి తీసుకోవాలి. చెయ్యి ఊగుతూ ఊగుతూ మధ్యలోకి వచ్చిన క్షణంలో "ఇదే సమయం" అని మనసు కేక వేస్తుంది, వేలు లాగేస్తుంది, ఆ లాగుడుకు పిస్టల్ మొత్తం ఒరుగుతుంది. దీన్ని వేలి బలహీనత అనుకుని వేలికి కసరత్తులు చేయించేవాళ్లను చూశాను. తప్పు వేలిది కాదు, ఊగును ఒప్పుకోని మనసుది. ఒప్పుకోవడం అన్న మాటను నేను తూచి వాడుతున్నాను. అది నిర్లక్ష్యం కాదు, ఇందాక వేసిన లెక్క మీద నమ్మకం. చెయ్యి ఊగుతూ ఉండగానే, సైట్లు కుదిరి ఉన్నంతసేపూ, వేలు తన పని తాను చేసుకుపోవచ్చునని ఆ లెక్క మనకు మాట ఇస్తోంది.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక రాష్ట్ర స్థాయి పోటీలో 50 షాట్లు అయ్యాక నా మనసు కూడికలు మొదలుపెట్టింది. చివరి పదిలో 94 వస్తే చాలు, పై పోటీకి వెళ్తాను. తర్వాతి షాట్‌కు చెయ్యి ఎత్తి, ఎనిమిది, పది సెకన్లలో వదలకపోతే దించెయ్యాలన్న నియమం నాకు బాగా తెలిసి ఉండి కూడా, పదిహేను సెకన్ల దాకా పట్టుకుని నిలబడ్డాను. కన్ను అలిసింది, భుజం అలిసింది, వేలు లాగింది. ఏడు. ఆ తర్వాతది ఎనిమిది. రెండు పాయింట్ల తేడాతో ఇంటికి వచ్చాను. భయపడ్డాను కాబట్టి ఓడానని చాలా రోజులు అందరికీ చెప్పాను, నేనూ నమ్మాను. ఒక రాత్రి నోటు పుస్తకంలో ఆ షాట్‌ను మొదటి నుంచి రాసుకుంటూ పోతే అసలు సంగతి బయటపడింది. భయం ఉన్న మాట నిజమే, కానీ చెయ్యి రోజూ ఊగినంతే ఊగింది. నేను చేసిన తప్పు పిస్టల్ దించకపోవడం. 60 షాట్లకు 75 నిమిషాలంటే ఒక్కో షాట్‌కు 75 సెకన్లు. దించి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ ఎత్తడానికి నిబంధనలే మనకు కావలసినంత చోటు ఇచ్చాయి. దించడం కూడా ఒక విద్య, దానికీ సాధన కావాలి. అందుకే మా పిల్లల చేత ప్రతి ఐదో సారి, పట్టు ఎంత బాగా కుదిరినా సరే, షాట్ వదలకుండానే దింపిస్తాను. మొదట్లో వాళ్లకు అది చాలా కష్టంగా ఉంటుంది. చేతికి వచ్చిన పదిని వదులుకున్నట్టు బాధపడతారు.

మనసును శాంతపరచుకోవాలన్న ప్రయత్నం కూడా ఒక్కోసారి పనికి అడ్డు వస్తుంది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో అమెరికా రైఫిల్ షూటర్ మాథ్యూ ఎమ్మన్స్ 50 మీటర్ల మూడు భంగిమల ఫైనల్‌లో చివరి షాట్ వరకు ముందున్నాడు. ఒక మోస్తరు షాట్ చాలు, స్వర్ణం అతనిదే. ఆ షాట్‌ను అతను పక్కవాడి టార్గెట్ మీద కొట్టాడు. సున్నా వచ్చింది, ఎనిమిదో స్థానానికి పడిపోయాడు. ఆ షాట్‌కు ముందు తనను తాను నెమ్మదింపజేసుకోవడం మీదే దృష్టి పెట్టి టార్గెట్ నంబరు చూసుకోలేదని తర్వాత అతనే చెప్పాడు. నాకు ఈ సంఘటన ఎప్పుడు గుర్తొచ్చినా మనసు కలుక్కుమంటుంది. అతనికి ధైర్యం లేక కాదు, ఏకాగ్రత లేక కాదు. ఆ ఏకాగ్రత పని మీద కాక తన మనసు మీద నిలిచింది.

అయితే మనసును ఎక్కడ పెట్టాలి? మీలో చాలామంది అలిపిరి నుంచి కొండకు నడిచినవాళ్లే. దాదాపు 3,550 మెట్లు. గాలి గోపురం ఇంకెంత దూరమని అడుగుతూ నడిచేవాళ్లు సగం దారికే సొలసిపోతారు. అదే దారిలో మెట్ల పూజ మొక్కుకున్న అమ్మలు వంగి ప్రతి మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ పెట్టి, పై మెట్టుకు జరుగుతారు. వాళ్లకు నడుము నొప్పి లేదని కాదు, ఇంటి ఆలోచనలు రావని కాదు. ప్రతి మెట్టు దగ్గరా చేతికి ఒక పని ఉంది, ఆ పని మనసును మళ్లీ మళ్లీ ఆ మెట్టు దగ్గరికి పిలుస్తుంది. షూటర్‌కు కూడా 60 మెట్లు ఉన్నాయి, ఒక్కోదానికీ చేయవలసిన పూజ ఒకటే: పాదాలు నేలను తాకుతున్న తీరు గమనించడం, గ్రిప్‌లో అరచెయ్యి కుదిరిందో లేదో చూసుకోవడం, ఊపిరి తీసుకుంటూ చెయ్యి ఎత్తి, వదులుతూ నల్లని గుండ్రం కిందికి దించడం, ముందు సైట్‌ను కంటితో పట్టుకోవడం, వేలిని కదిలించడం, షాట్ వెళ్లిపోయాక కూడా ఒకటి రెండు సెకన్లు ఆ సైట్‌నే చూస్తూ నిలబడడం. ఇంకొకటి మిగిలింది: స్కోరు చూపే తెర చూడకముందే "కొంచెం కుడికి, తొమ్మిది" అని తనకు తాను చెప్పుకోవడం. ఈ చివరి అలవాటు అన్నిటికంటే విలువైనదని నా అభిప్రాయం, ఎందుకంటే ముందు సైట్‌ను నిజంగా చూసినవాడు మాత్రమే అలా చెప్పగలడు. చూపు టార్గెట్‌కు జారినవాడు చెప్పలేడు. కన్ను ఎక్కడుందో పట్టి ఇచ్చే పరీక్ష ఇంతకంటే మంచిది నాకు దొరకలేదు.

మను భాకర్ సంగతి మీకందరికీ తెలుసు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ ఎయిర్ పిస్టల్ క్వాలిఫికేషన్‌లో పిస్టల్ పాడై విలువైన నిమిషాలు పోయి, 575తో 12వ స్థానంలో ఆగిపోయింది. మూడేళ్ల తర్వాత, 2024 జూలై 28న, పారిస్ ఫైనల్‌లో 221.7తో కాంస్యం గెలిచింది. ఫైనల్‌లో షాట్లు తక్కువ, లెక్క దశాంశాల్లో ఉంటుంది. చివరి షాట్ల వేళ ఫలితం మీద కాక కర్మ మీద దృష్టి పెట్టమన్న గీతా బోధను తలచుకున్నానని చెప్పింది. పత్రికలన్నీ ఆ మాటను వేశాయి. అయితే మన పిల్లలు కర్మ ఏది, ఫలం ఏది అన్న హద్దును తప్పు చోట గీస్తున్నారు. పతకం ఫలమని అందరికీ తెలుసు. పది కూడా ఫలమే. పెల్లెట్ గొట్టం దాటిన తర్వాత జరిగేదంతా ఫలం. సైట్, వేలు, ఊపిరి, ఇవి మాత్రమే కర్మ.

గుండె దడ గురించి క్లుప్తంగా చెబుతాను. మ్యాచి రోజు గుండె వేగంగా కొట్టుకోవడం సిగ్గుపడే విషయం కాదు. దడను తగ్గించే బీటా బ్లాకర్ మందులు మన క్రీడలో నిషిద్ధం; 2008 బీజింగ్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జోంగ్ సు అలాంటి మందు వాడినట్టు తేలి రెండు పతకాలు పోగొట్టుకున్నాడు. అంటే ఆ దడను మోస్తూ కొట్టడమే ఈ ఆట. దాన్ని మొదటిసారి మ్యాచిలో కలవకూడదు. మిద్దె మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగి, వెంటనే పిస్టల్ ఎత్తండి. ఫైనల్‌లో ప్రేక్షకుల కేకలు, సంగీతం ఉంటాయి. వాటిని ఫోన్‌లో పెట్టుకుని సాధన చేయండి. పైగా 2024 పారిస్ ఫైనల్‌లో మొదటి పది షాట్ల తర్వాత ఒక్కో షాట్‌కు 50 సెకన్లే గడువు ఇచ్చారు. దించి మళ్లీ ఎత్తడానికి ఒక్క అవకాశం ఉంటుంది, దాన్ని కూడా ముందే అలవాటు చేసుకోవాలి.

చెడ్డ షాట్ వచ్చాక ఏం చేయాలి? 2016 రియోలో కొరియా మహా షూటర్ జిన్ జోంగ్ ఓ 50 మీటర్ల పిస్టల్ ఫైనల్ మధ్యలో 6.6 కొట్టాడు. ఆ స్థాయిలో అది ఊహించరానిది, దాదాపు బయటికి వెళ్లే పరిస్థితి వచ్చింది. అక్కడి నుంచి ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి ఆ ఈవెంట్‌లో వరుసగా మూడో ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. అదే జిన్ 2009లో ఎయిర్ పిస్టల్‌లో 594 కొట్టి ప్రపంచ రికార్డు నెలకొల్పిన రోజున కూడా 600లో 6 పాయింట్లు పోయాయి. తొమ్మిది వచ్చిందని తల పట్టుకునే పిల్లలకు నేను ఈ రెండు అంకెలనూ కలిపి చెబుతాను.

ఇక తల్లిదండ్రులకు ఒక విన్నపం. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ నాలుగు పతకాలు తెచ్చాక మన ఊళ్లలోనూ ఆశ పెరిగింది. పెరగాలి కూడా. కానీ రేంజి గడప దాటగానే "ఎంతొచ్చింది?" అని అడిగితే బిడ్డ కన్ను మరుసటి రోజు టార్గెట్ మీదికే పోతుంది. "ఎన్నిసార్లు దించావు?" అని అడిగి చూడండి. ఇంట్లో తెల్ల గోడ ముందు, పిస్టల్ ఖాళీగా ఉందని పెద్దవాళ్లు చూశాక, టార్గెట్ అనేదే లేకుండా రోజూ ఇరవై నిమిషాలు డ్రై, అంటే పెల్లెట్ లేకుండా కొట్టే సాధన, చేయనివ్వండి. గోడ మీద పది ఉండదు కాబట్టి కన్నుకు ముందు సైట్ తప్ప పోవడానికి వేరే చోటు లేదు. పెల్లెట్ ఖర్చు కూడా లేదు.

మా దగ్గర పుత్తూరు వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి రోజూ నోటు పుస్తకం రాస్తుంది. మొదటి ఏడాది పేజీల నిండా అంకెలు, వాటి కింద ఎర్ర గీతలు. నిన్న పుస్తకం చూస్తే ఒక వరుస ఇలా ఉంది: "47వ షాటు. రెండు తూర్లు దించినా. మూడో తూరి సైటు బాగా కనబడింది, చెయ్యి ఊగతానే ఉన్నింది. కొంచెం కిందికి పోయిందనుకున్నా, అట్లే పోయింది. తొమ్మిది." దాని కింద ఎర్ర గీత లేదు. వెంటనే తర్వాతి వరుసలో 48వ షాటు గురించి మొదలుపెట్టింది.

ఇక మీరు అడగండి.