ఉగాది పచ్చడి: పులుపు మించకుండా, చేదు పాకకుండా

[దృశ్యం: పళ్లెంలో చింతపండు, బెల్లం, మామిడికాయ, వేపపూత కొమ్మ, పచ్చిమిర్చి, ఉప్పు]

వ్యాఖ్యానం: ఉగాది పచ్చడి కుదరలేదంటే రెండే కారణాలు. పులుపు మించిపోవడం, లేదా గిన్నె గిన్నెంతా చేదెక్కిపోవడం. పులుపు పాళ్ల దగ్గర తప్పుతుంది, చేదు వరస దగ్గర తప్పుతుంది. ఆరుగురికి సరిపడా చేద్దాం.

[తెర మీద:
కొత్త చింతపండు: పెద్ద నిమ్మకాయంత, సుమారు 40 గ్రాములు
బెల్లం తురుము: 150 గ్రాములు
మామిడికాయ: మధ్యరకం ఒకటి
వేపపువ్వు రేకలు: 1 టేబుల్ స్పూను
పచ్చిమిర్చి: 1
ఉప్పు: అర టీస్పూను
నీళ్లు: 600 మి.లీ.]

వ్యాఖ్యానం: కొత్త కుండలో కలిపేవాళ్లు ముందురోజు రాత్రే దాని నిండా నీళ్లు పోసి ఉంచండి. లేకపోతే కుండ పచ్చడిలోని నీళ్లు పీల్చేస్తుంది, మట్టివాసన కూడా పడుతుంది. కుండ లేదా? స్టీలు గిన్నె, గాజు గిన్నె ఏదైనా సరే. కళాయి లేని రాగి, ఇత్తడి మాత్రం వద్దు, పులుపుకి చిలుమెక్కుతాయి.

[దృశ్యం: చింతపండు పిసికి వడకట్టడం]

వ్యాఖ్యానం: చింతపండును ఒక గ్లాసు వేడినీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, పిసికి, వడకట్టండి. కొత్త పండు లేత గోధుమరంగులో ఉంటుంది, రసం తేటగా వస్తుంది. నల్లబడ్డ పాత పండే దొరికితే కాస్త తగ్గించి వేయండి. ఆ రసంలోనే బెల్లం వేసి కరగనివ్వాలి, పొయ్యి మీద పెట్టే పని లేదు. కరిగాక మళ్లీ ఒకసారి వడకట్టండి. బెల్లంలో ఇసుక, చెరకు పీచు ఉంటాయి. మిగతా నీళ్లు ఇప్పుడు పోయండి.

[దృశ్యం: మామిడికాయ ముచ్చిక దగ్గర కోత, కారుతున్న సొన]

వ్యాఖ్యానం: మామిడికాయ దగ్గర కొంచెం ఆగుదాం. ముందు ముచ్చిక కోసేసి, సొన కారనిచ్చి కడగాలి. సొన తగిలితే పెదాలు మండుతాయి, పిల్లలకైతే పొక్కుతాయి కూడా. తొక్క తీయకండి, మనకు కావలసిన వగరు దాన్ని అంటుకునే ఉంటుంది. పెసరగింజంత ముక్కలు చేస్తే ప్రతి చెంచాలోనూ పడతాయి. చింతపండు రసంలో బెల్లం కలపకముందే ఈ కాయ ముక్క ఒకటి నోట్లో వేసుకుని చూడండి. కాయ బాగా పుల్లనిదైతే చింతపండు రసం మూడోవంతు తగ్గించాలి. పులుపు మించిపోయేది ఇక్కడే. దాన్ని కప్పడానికి మళ్లీ బెల్లం పోస్తే చివరికి మిగిలేది పానకం.

పచ్చిమిర్చి గింజలు తీసి సన్నగా తరగండి. మిరియాల పొడి అయితే పావు టీస్పూను. ఉప్పు వేసే ముందు రుచి చూడండి, కొన్ని బెల్లాలు ముందే ఉప్పగా ఉంటాయి.

[దృశ్యం: అరచేతుల మధ్య వేపపూత, చేటలో రాలుతున్న తెల్లటి రేకలు]

వ్యాఖ్యానం: ఇక వేపపువ్వు. పూత గుత్తిని కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి, అరచేతుల మధ్య మెల్లగా నలిపితే రేకలు రాలతాయి. పుల్లలు, ఆకుపచ్చ మొగ్గలు చేతిలోనే మిగులుతాయి, వాటిని పారేయండి. రేకల్ని అన్నిటికన్నా చివర, నైవేద్యం పెట్టే ముందు మాత్రమే కలపాలి. గంట ముందే వేస్తే చేదు పులుసులోకి దిగిపోతుంది. అప్పుడు నాలుక మీద ఒక్కో రుచీ విడివిడిగా తగలదు, అంతా ఒకటే చేదు.

పిల్లలు తాగరని వేపపువ్వు మానేసేవాళ్లకు ఒక మాట. పచ్చడి తినేటప్పుడు చదివే శ్లోకం ఇది.

[తెర మీద:
శతాయుర్వజ్రదేహాయ సర్వసంపత్కరాయ చ
సర్వారిష్టవినాశాయ నింబకందళభక్షణమ్]

వ్యాఖ్యానం: నూరేళ్ల ఆయుష్షు, వజ్రంలాంటి ఒళ్లు, సకల సంపదలు, అరిష్టాలు పోవడం... ఇవన్నీ ఇక్కడ వేప ఖాతాలోనే ఉన్నాయి. బెల్లం ఊసే లేదు!

కన్నడిగులు బేవు బెల్ల అని వేప, బెల్లం రెండే కలుపుతారు. మన దగ్గర తెలంగాణలో పలుచగా చేసి గ్లాసుల్లో తాగుతారు, ఆంధ్రలో చాలా ఇళ్లలో చిక్కగా చేసి చెంచాతో తింటారు. అరటిపండు, కొబ్బరి, పుట్నాల పప్పు, చెరకు ముక్కలు ఇంటి ఆనవాయితీ, షడ్రుచుల లెక్కలోకి రావు. వేస్తే అరటిపండును చివర్లోనే వేయండి, మెత్తబడి నల్లబడుతుంది. పుట్నాలు కూడా నానితే పిండైపోతాయి.

[దృశ్యం: ఎండు వేపపువ్వు నేతిలో వేగుతూ]

వ్యాఖ్యానం: విదేశాల్లో ఉన్నవాళ్లకు ఇండియన్ స్టోర్లలో ఎండు వేపపువ్వు దొరకవచ్చు. ఒక టీస్పూను చాలు. పచ్చిగా వేస్తే అంగిటికి అతుక్కుంటుంది. అర చెంచా నేతిలో, సన్నని సెగ మీద గోధుమరంగు వచ్చేదాకా వేయించి, చల్లారాక కలపండి.

ఇక్కడ ఉన్నవాళ్లకూ ఎండు పువ్వు పనికొస్తుంది. 2026లో ఉగాది మార్చి 19నే వచ్చింది. అంత ముందుగా వచ్చిన ఏడాది కొన్ని చెట్లకు ఇంకా పూత విప్పదు. ఏప్రిల్‌లో చెట్టు నిండా పూసినప్పుడు కింద పాత చీర పరిచి, రాలిన పువ్వు ఏరి, రెండు మూడు రోజులు నీడలో ఆరబెట్టి గాజుసీసాలో దాచండి. చేత్తో నలిపితే గలగలలాడాలి. తడి మిగిలితే బూజు పడుతుంది.